బిస్మిల్లాకు ముందున్న నాలుగేళ్ళు
(సంస్థ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీం.



ప్రతి ఏడూ ఈ సమయంలో మేము లెక్కలు చదివి వినిపిస్తాం. ఎన్ని రంజాన్ కిట్లు, ఎంతమందికి ఫీజులు, ఎన్ని పెళ్ళిళ్ళకు సాయం అని చెబుతాం. ఆ లెక్కలు ఈ సంచికలోనే వేరే పేజీల్లో ఉన్నాయి, చూసుకోవచ్చు. ఈరోజు మా లెక్కల్లోకి ఎక్కని ఒక తప్పు గురించి చెప్పడానికి నిలబడ్డాం. అది మేము చేసిన తప్పు.

శ్రీకాకుళం జిల్లాలో ఒక కుటుంబం ఉంది. తండ్రి హైదరాబాద్‌లో భవన నిర్మాణం పనికి వెళ్ళాడు. తల్లి, నాయనమ్మ, ఒక బాబు ఊళ్ళో ఉంటారు. రంజాన్ కిట్ ఇవ్వడానికి మావాళ్ళు మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ బాబుకి 14 నెలలు. నులకమంచం దగ్గర కూర్చుని చెంచాతో ఆడుకుంటున్నాడు. గుమ్మంలో నుంచి పిలిస్తే తిరిగి చూడలేదు. "ఎంత బుద్ధిమంతుడమ్మా, అల్లరే లేదు" అని మెచ్చుకుని, సంచీ ఇచ్చి, ఫొటో తీసుకుని వచ్చేశాం. మరుసటి రంజాన్‌కి వెళితే వాడికి రెండేళ్ళు దాటాయి. కావలసినదాని దగ్గరికి తల్లి చెయ్యి పట్టుకుని లాక్కెళుతున్నాడు తప్ప నోటి మాట లేదు. నాయనమ్మని అడిగితే, "ఆడి బాబు కూడా మూడేళ్ళకి గానీ మాటాడనేదు నాయనా" అంది. మేమూ సరే అనుకున్నాం. మూడేళ్ళు దాటాక అంగన్‌వాడీలో వేస్తే అక్కడి టీచరమ్మ రెండు రోజుల్లో పసిగట్టింది. విశాఖపట్నం తీసుకెళ్ళి పరీక్ష చేయిస్తే రెండు చెవులూ దాదాపు వినిపించడం లేదని తేలింది.

రెండేళ్ళు వరుసగా ఆ ఇంటి గుమ్మం తొక్కినవాళ్ళం మేము. బియ్యం, పప్పు, నూనె, ఖర్జూరాలు తూకం తప్పకుండా ఇచ్చాం. ఆ పిల్లవాడిని మాత్రం చూడలేదు. చూడడం మాకు రాలేదు. ఈరోజు మాట్లాడేది ఆ చూడడం గురించే.

మన ఇళ్ళల్లో పసిబిడ్డకు ఒక పంచాంగం ఉంది. పుట్టగానే చెవిలో అజాన్ వినిపిస్తాం. ఏడో రోజున అఖీఖా చేస్తాం. నలభై రోజులకు చిల్లా స్నానం. నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజులు నిండాక బిస్మిల్లా చదివిస్తాం. ఆ తేదీని ఎంత జాగ్రత్తగా లెక్కపెట్టుకుంటామో మీకు తెలుసు. కానీ చిల్లాకీ బిస్మిల్లాకీ మధ్య నాలుగేళ్ళకు పైగా ఖాళీ ఉంది. మన పంచాంగంలో ఆ కాలానికి ఏమీ రాసి లేదు. బిడ్డ మెదడు మాత్రం తన పని ఎక్కువ భాగం ఆ ఖాళీలోనే చేసుకుపోతుంది. మూడేళ్ళు నిండేసరికి అది పెద్దవాళ్ళ మెదడు పరిమాణంలో సుమారు 80 శాతానికి చేరుకుంటుంది.

మన ఇరుగుపొరుగు హిందూ ఇళ్ళల్లో ఈ ఖాళీని ఒక ముచ్చటతో నింపారు. బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు పంచుతారు. కూర్చుంటే కుడుములు, పాకితే పాయసం, అడుగులు వేస్తే అరిసెలు. మన పిల్లలకూ ఆ అరిసెలు అందాయి, మనమూ వాళ్ళ పిల్లలకు సేమియా ఖీర్ పంపించాం. ఆలోచిస్తే అది తిండి సంగతి ఒక్కటే కాదు. బిడ్డ ఎప్పుడు ఏం చేస్తున్నాడో ఊరంతా గమనించే పద్ధతి అది. బొబ్బట్లు అందాయి గానీ కుడుములు ఇంకా రాలేదేమిటని పక్కింటి మామ్మ అడిగేది. ఇప్పుడు ఇళ్ళు చిన్నవయ్యాయి, మామ్మలు ఊళ్ళో ఉంటే కోడళ్ళు వలస వెళ్ళిన చోట ఉన్నారు. అడిగేవాళ్ళు లేరు. ఆ పని మనలాంటి సంస్థలు చేయాలి.

వైద్యులు ఆ ముచ్చట్లకే నెలలు కట్టి చెబుతారు. దాతలు కూడా ఇవి తెలుసుకుంటే మంచిది, మీ ఇళ్ళల్లోనూ మనవలు, మనవరాళ్ళు ఉన్నారు.

రెండు నెలలకు బిడ్డ తల్లి మొహం చూసి నవ్వుతుంది. నిద్రలో వచ్చే నవ్వు వేరు, మనం నవ్వితే తిరిగి నవ్వేది వేరు. నాలుగో నెలకు మెడ నిలుస్తుంది. ఐదారు నెలలకు బోర్లా పడుతుంది. ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య కూర్చుంటుంది, ఒక చేతిలోని వస్తువు రెండో చేతికి మార్చుకుంటుంది, బబబ, దదద అంటుంది. తొమ్మిది, పది నెలలకు కొత్తవాళ్ళని చూసి ఏడుస్తుంది, బొటనవేలూ చూపుడువేలూ కలిపి బొరుగు గింజ ఏరుకుంటుంది, టాటా చెబుతుంది. ఏడాదికి అర్థం తెలిసి ఒకటి రెండు మాటలు అంటుంది, పిలిస్తే తిరుగుతుంది. ఏడాదిన్నరలోపు నడుస్తుంది, కావలసినదాన్ని వేలుపెట్టి చూపిస్తుంది. రెండేళ్ళకు "అమ్మీ పాలు", "అబ్బా రా" అని రెండు మాటలు కలుపుతుంది. మూడేళ్ళకు తన పేరు చెబుతుంది, చిన్న వాక్యాలు మాట్లాడుతుంది, తోటిపిల్లలతో కలిసి ఆడుతుంది.

ఇది పందెం కాదని అమ్మలకు ముందే చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్, ఘానా, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో 816 మంది ఆరోగ్యవంతులైన పిల్లలను గమనించి 2006లో ఫలితాలు ప్రకటించింది. ఆసరా లేకుండా నడవడం కొందరికి 8 నెలలు దాటగానే వచ్చింది, కొందరికి 17 నెలలు దాటి సగం గడిచాక వచ్చింది. రెండూ మామూలే. నూటికి నలుగురు పిల్లలు చేతులూ మోకాళ్ళూ ఆనించి పాకనే లేదు, నేరుగా లేచి నడిచారు. కాబట్టి మా అక్క కొడుకు పదో నెలలో నడిచాడు, వీడు ఇంకా నడవలేదని కంగారు పడనక్కర్లేదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైతే, రెండేళ్ళు వచ్చేవరకు ఎన్ని నెలల ముందు పుట్టిందో అన్ని నెలలు తీసేసి లెక్కపెట్టాలి. రెండు నెలలు ముందు పుట్టిన బిడ్డకు ఎనిమిదో నెలలో ఆరు నెలల బిడ్డ పనులు వస్తే చాలు.

ఆలస్యానికి ఇలా కొంత వెసులుబాటు ఉంది. దానికి ఒక హద్దు కూడా ఉంది. ఆ హద్దు దాటాక చూద్దాంలే అనకూడదు. మూడు నెలలు దాటినా నవ్వకపోతే, ఐదో నెలకు మెడ నిలవకపోతే, పది నెలలకు కూర్చోకపోతే, ఏడాదికి పిలుపుకు తిరగకపోతే, ఏడాదిన్నరకు ఒక్క మాటా, ఒక్క అడుగూ లేకపోతే, రెండేళ్ళకు రెండు మాటలు కలపకపోతే డాక్టర్‌కి చూపించాలి. ఇంకొకటి గట్టిగా గుర్తుంచుకోవాలి. వచ్చిన మాట పోయినా, వచ్చిన నడక పోయినా, ఏ వయసులోనైనా సరే, మర్నాడే వెళ్ళాలి. చూపించడమంటే రోగం ఉందని ఒప్పుకోవడం కాదు. చాలామంది పిల్లల్లో ఏమీ లేదనే చెప్పి పంపిస్తారు. ఆ మాట వినడానికైనా వెళ్ళాలి.

చెవి సంగతి వేరేగా చెబుతాం, మా తప్పు అక్కడే జరిగింది గనుక. వైద్యులు ఒకటి, మూడు, ఆరు అని ఒక లెక్క చెబుతారు. మొదటి నెలలోపు వినికిడి పరీక్ష, అనుమానం ఉంటే మూడో నెలలోపు నిర్ధారణ, ఆరో నెలలోపు యంత్రం పెట్టి శిక్షణ మొదలు. మాట చెవిలోంచి నోటికి వస్తుంది. వినిపించని బిడ్డ కూడా మొదటి నెలల్లో ఊఁ కొడుతుంది, నవ్వుతుంది, ఆడుతుంది. అందుకే ఇంట్లోవాళ్ళు కనిపెట్టలేరు. పళ్ళెం జారిపడితే నేల అదురుకు, గాలికి కూడా తిరగవచ్చు. ఇంటి పరీక్షలు నమ్మడానికి లేదు, యంత్రంతో చేయించాలి. మేనరికాలు, దగ్గరి సంబంధాలు ఉన్న ఇళ్ళల్లో పుట్టు చెవుడు వచ్చే అవకాశం ఎక్కువ. మన రెండు జిల్లాల్లో అన్ని మతాలవాళ్ళ ఇళ్ళల్లోనూ ఆ సంబంధాలు ఉన్నాయి. అక్కడ ఈ పరీక్ష తప్పనిసరి అనుకోవాలి. చెవి లోపల అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఖరీదైనది. దానికి ప్రభుత్వ పథకాలు ఉన్నాయి గానీ వయసు పరిమితి ఉంటుంది. ఆలస్యమైతే ఆ తలుపు మూసుకుపోతుంది. పుట్టగానే చెవిలో అజాన్ చెప్పే సమాజం మనది. ఆ చెవికి అది వినిపించిందా లేదా అని నెలలోపు తెలుసుకోవడం మన బాధ్యత.

ఇళ్ళల్లో మనం ప్రేమతో చేసే కొన్ని పనుల గురించి కూడా చెప్పాలి. ఎవరినీ నొప్పించాలని కాదు.

సుర్మా పెద్దల నుంచి వచ్చిన అలవాటు. కానీ బజారులో దొరికే రాతి సుర్మాలో చాలావాటిలో సీసం ఉంటుంది. పసిబిడ్డ కళ్ళు నలుపుకుని ఆ చెయ్యే నోట్లో పెట్టుకుంటుంది. సీసం కొంచెమైనా ఎదిగే మెదడుకు హాని చేస్తుంది. పసిపిల్లలకు సుర్మా వద్దు.

ఏడాది నిండేవరకు తేనె నాకించవద్దు. దానివల్ల అరుదుగానైనా ప్రాణం మీదికి వచ్చే జబ్బు రావచ్చు. తహ్నీక్ సున్నత్ ఖర్జూరంతో చేసేది. అదీ శుభ్రమైన చేతితో, రవ్వంత చాలు.

బిడ్డ పుట్టిందంటే మనవాళ్ళు చక్రాల వాకర్ కొనిస్తారు. బిడ్డను మధ్యలో కూర్చోబెట్టే ఆ వాకర్ వల్ల నడక త్వరగా రాదు, మెట్ల మీద నుంచి దొర్లిపడే ప్రమాదం మాత్రం ఉంది. కెనడా 2004లో దాని అమ్మకాన్నే నిషేధించింది. అంతకంటే మన పాత మూడు చక్రాల కొయ్యబండి నయం. బిడ్డ తన కాళ్ళ మీద తాను నిలబడి తోసుకుంటుంది.

సెల్‌లో పాటలు పెడితే గానీ ముద్ద తినడం లేదని అమ్మలు అంటున్నారు. రెండేళ్ళలోపు తెర అసలు వద్దని, నాలుగేళ్ళ వరకు రోజుకు గంట మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. సెల్ మాట్లాడుతుంది గానీ బిడ్డ ఊఁ అంటే తిరిగి ఊఁ కొట్టదు. మాట నేర్పేది ఆ తిరుగు పలుకే.

ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, అందుకే మాట రాలేదని కొందరు సరిపెట్టుకుంటారు. రెండు భాషల వల్ల మాట ఆలస్యం కాదు. "పానీ" ఒక మాట, "నీళ్ళు" ఒక మాట. రెండూ లెక్కలోకి తీసుకోవాలి. రెండూ లేకపోతే కారణం భాష కాదు, వేరే ఉంది.

తిండి విషయంలో మనకు తెలిసిందే చెబుతాం. ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే. ఆ తర్వాత చోడి జావ, మెత్తగా పిసికిన పప్పన్నం, గుడ్డు మొదలుపెట్టి పాలు కూడా కొనసాగించాలి. ఖురాన్ అల్ బఖరా అధ్యాయం పాలిచ్చే గడువు పూర్తిగా రెండేళ్ళని తెలిపింది. తల్లికి తిండి పెట్టే బాధ్యత తండ్రిదని కూడా అక్కడే ఉంది. ఉప్పు అయోడిన్ కలిపినదే వాడాలి.

మరి ఎక్కడికి వెళ్ళాలి? మన దేశంలో అంగన్‌వాడీ పథకం 1975 అక్టోబర్ 2న మొదలైంది. ఆ కేంద్రంలో తూకం, టీకా, పోషకాహారంతో పాటు పిల్లల ఎదుగుదల కూడా చూస్తారు. గర్భిణిగా పేరు రాయించుకున్నప్పుడు ఇచ్చే మాతా శిశు సంరక్షణ కార్డులో ఏ నెలకు ఏం చేయాలో బొమ్మలతో సహా ఉంటుంది. చాలా ఇళ్ళల్లో దాన్ని టీకాల కార్డు అనే పిలుస్తారు, ఆ పేజీ తెరిచి చూడరు. 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వచ్చింది. పుట్టుకతో వచ్చే లోపాలు, జబ్బులు, పోషక లోపాలు, ఎదుగుదలలో ఆలస్యాలు, ఈ నాలుగింటినీ పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ వరకు పరీక్షించి ఉచితంగా చికిత్స చేయించడం దాని ఉద్దేశం. అనుమానం ఉన్న పిల్లలను జిల్లా స్థాయిలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపిస్తారు. 2024లో నవచేతన పేరుతో, పుట్టినప్పటి నుంచి మూడేళ్ళ వరకు పిల్లలతో ఏయే ఆటలు ఆడించాలో కేంద్ర ప్రభుత్వం ఒక ప్రణాళిక కూడా ఇచ్చింది.

అంటే తలుపులు ఉన్నాయి. వాటి దాకా తీసుకెళ్ళే మనిషే తక్కువ. విజయనగరంలో ఘోషా ఆసుపత్రి పేరు వినని ఇల్లు లేదు. ఘోషా పాటించే స్త్రీలు కూడా వైద్యానికి గుమ్మం దాటి రావాలన్న ఆలోచన ఆ పేరులోనే ఉంది. ఇప్పుడు ఆ గుమ్మం అందరికీ తెరిచే ఉంది. కానీ భర్త వలసలో ఉంటే, ఒక్కతే బిడ్డను ఎత్తుకుని శ్రీకాకుళం నుంచి 100 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న విశాఖ వెళ్ళి, ఓపీ చీటీ రాయించి, పరీక్షకు మళ్ళీ రమ్మంటే మళ్ళీ వెళ్ళడం తేలికేమీ కాదు. వైద్యం ఉచితమే. బస్సు ఉచితమైనా పోగొట్టుకున్న కూలి ఉచితం కాదు. రెండో వాయిదాకే చాలామంది మానేస్తారు.

అందుకే ఈ ఏడాది నుంచి నాలుగు పనులు మొదలుపెడుతున్నాం, ఇన్షా అల్లాహ్.

ఒకటి, రంజాన్ కిట్ తీసుకెళ్ళే ప్రతి కార్యకర్తకూ ఒక పూట శిక్షణ. పిల్లల వైద్యులు, అంగన్‌వాడీ టీచర్లు వచ్చి నేర్పుతారు. మూడేళ్ళలోపు బిడ్డ ఉన్న ఇంట్లో పావుగంట కూర్చుని, పిలిచి, ఆడించి, కార్డు తెరిచి చూసి రావాలి. సంచీ గుమ్మంలో పెట్టి ఫొటో తీసుకుని వచ్చేసే పద్ధతి ఇక ఉండదు.

రెండు, సంచీలో ఒక కాగితం. ఏ నెలకు ఏమిటన్నది పెద్ద అక్షరాల్లో, తెలుగులో ఒకవైపు, ఉర్దూలో ఒకవైపు.

మూడు, తోడు. అనుమానం ఉన్న బిడ్డతో మా మహిళా కార్యకర్త ఒకరు ఆసుపత్రికి వెళతారు. దారి ఖర్చు, భోజనం, ఆ తల్లి పోగొట్టుకున్న రోజు కూలి మేము భరిస్తాం. మొదటి వాయిదాకే కాదు, ఆఖరి వాయిదా వరకు.

నాలుగు, వినికిడి యంత్రాల బ్యాటరీలు, మరమ్మత్తులు, మాట నేర్పే శిక్షణకు రాకపోకలు. యంత్రం పథకంలో వచ్చినా బ్యాటరీ అయిపోతే అది అలమరలోకి పోతుంది.

ఇందులో జకాత్ సొమ్ము దేనికి వాడవచ్చు, సదఖా దేనికి వాడాలి అన్నది ఉలమాలను అడిగి, వారు చెప్పినట్టే వేర్వేరు ఖాతాల్లో రాస్తాం. ముస్లిం ఇల్లా కాదా అని చూడకుండా, పక్కింటి బిడ్డకు కూడా సదఖా నుంచి ఈ తోడు అందిస్తాం. మన రెండు జిల్లాల్లో మనం కొద్దిమందిమి. ఇరుగుపొరుగుతో కలిసే బతికాం. ఆ అరిసెల బాకీ మన మీద ఉంది.

దాతలకు ఒక్క మాట. ఈ పనుల్లో ఫొటోకి నిలబడేది ఏమీ ఉండదు. సకాలంలో దొరికిన బిడ్డ మామూలు బిడ్డలాగే బడికి వెళుతుంది. మీ డబ్బు వల్లే వెళుతోందని ఎవరికీ తెలియదు. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియని దానం అంటే ఇదే కదా. దైవప్రవక్త ముహమ్మద్ (స) మనవరాలు ఉమామాను ఎత్తుకునే నమాజు చేశారని, నమాజులో పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే ఆ తల్లి మనసు తెలిసి నమాజును క్లుప్తం చేసేవారని హదీసులు చెబుతున్నాయి. వెనక వరుసల్లోని ఒక పసిబిడ్డ గొంతు ఆయనకు వినిపించింది. మాకు గుమ్మంలో నిలబడి కూడా వినిపించలేదు.

ఆ బాబు సంగతి చెప్పి ముగిస్తాం. ఇప్పుడు వాడికి రెండు చెవులకూ యంత్రాలు ఉన్నాయి. తల్లి శిక్షణకు తీసుకెళుతోంది. మొన్న వెళితే మా కార్యకర్త వెనక నుంచి చప్పట్లు కొట్టాడు. వాడు ఒక్క క్షణం ఆగి, తిరిగి చూశాడు. "అమ్మీ" అంటున్నాడట, ఇంకా స్పష్టంగా లేదు. పోయిన రెండేళ్ళు వాడికి మేము తిరిగి ఇవ్వలేం. మళ్ళీ ఇంకో ఇంట్లో అలా జరగకుండా చూడగలం. అందుకు మీ సాయం, మీ సమయం, మీ దుఆ కోరుతున్నాం.

అల్లాహ్ మన పిల్లలందరికీ వినే చెవులను, పలికే నాలుకను, నడిచే కాళ్ళను ప్రసాదించుగాక. అవి లేని పిల్లలకు తోడుగా నిలిచే బుద్ధిని మనకు ప్రసాదించుగాక. ఆమీన్.